చేటలో ఆరబెట్టిన గాజుబిళ్లలు

మొన్న మంగళవారం పొద్దున్న పదీ ఇరవైకి, గోడ గడియారం నేనే చూశాను గనక చెబుతున్నాను, మా మనవరాలు అటక మీంచి ఒక రేకు డబ్బా దించి నా ఒళ్లో పెట్టింది. మూత తీస్తే వేయించిన బియ్యం మూట ఒకటి, తేమ లాగడానికి ఎప్పుడో పెట్టింది, పురుగు పట్టి పొడైపోయి ఉంది. దాని కింద మా ఆయన పాత ధోవతి ముక్కలో చుట్టిన ఇత్తడి వస్తువు, అర కొబ్బరిచిప్పంత. అది మా పెద్ద కెమెరా లెన్సు. జగదల్‌పూర్‌లో మా స్టూడియో నడిచిన రోజుల్లో గ్రూపు ఫోటోలన్నీ దాంతోనే తీసేవాళ్లం. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, బీపీ మాత్ర వేసుకున్నానో లేదో అని మా కోడలు వంటింట్లోంచి వచ్చి ఆరా తీసింది.

మనవరాలు దాన్ని కిటికీ వెలుతురుకెత్తి చూసి, లోపలంతా బూజు అల్లుకుపోయింది, ఇక దేనికీ పనికిరాదు, పైపైన తోమించి అలమరలో పెట్టుకుందామంది. ఇది గుడి గంట కాదు తోమి వేలాడదీయడానికి, ఇలా తే, అన్నాను. నేను మాట మెత్తగా చెప్పలేను, ఇంట్లో అందరికీ అలవాటే. కాసేపు ఎండలో పెట్టి, ఇత్తడి వెచ్చబడ్డాక, డబ్బా అడుగునే ఉన్న రెండు మొనల పానా తీసి లోపలి రింగు గాట్లలో ఆనించి తిప్పితే, ముప్పై ఏళ్ల పైగా కదలని రింగు కిర్రుమని ఒక్క మెలికలో వచ్చేసింది. నా వేళ్లు మరిచిపోలేదు! గాజుబిళ్లలు ఒకటొకటే అరచేతిలోకి జారాయి. నడిమి బిళ్ల అంచున మిరపగింజంత ఎర్ర చుక్క. గోళ్ల రంగుతో నేను పెట్టిన చుక్కే. అది చూడగానే మా అయ్య కళ్లముందుకొచ్చి నిలబడ్డాడు, ఎప్పటిలాగే వరస చివర.

మా అయ్య కిరండూల్ రైలు లైనులో గ్యాంగుమన్. లైను వేసే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కంకర ఎత్తి, స్లీపర్లు మోసి, ఇక్కడే ముసలివాడయ్యాడు. గ్యాంగు క్వార్టర్ల మధ్య పెరిగిన దాన్ని నేను. తెలుగు, హిందీ, హల్బీ మూడూ నోటికొచ్చాయి గానీ ఏ బడిలోనూ కూర్చోలేదు. పదిహేడేళ్లకి స్టూడియో ఇంటికి కోడలినయ్యాను. మా ఆయన ఫోటో తీయడంలో గట్టివాడే, కానీ అరచేతులకు ఒకటే చెమట, చలికాలంలో కూడా. ఆయన ముట్టుకున్న గాజు మీద వేలిముద్ర పడి తీరేది. ఇద్దరిలో పొడి చేతులు నావి. లెన్సు పని అలా నా పాలికొచ్చింది, ఎవరో పిలిచి ఇచ్చింది కాదు.

మా బస్తర్ వానలు మీకు తెలియనివి కావు. నాలుగు నెలలు అడవి తడి అంతా గాలిలోనే ఉంటుంది, అది లెన్సులోకి దూరి బిళ్లల మీద తెల్లని దారాలు అల్లుతుంది, ఏమరుపాటున వదిలేస్తే గాజునే తిని మచ్చ మిగుల్చుతుంది. అందుకని వానలు వెనకపట్టగానే ఏటేటా విప్పేదాన్ని. ఆ పనిలో ఉన్న రుచి చెబితే నవ్వుతారేమో! గాజు మీద నోటి ఆవిరి ఊది, అది అంచుల నుంచి కరిగేలోగా మెత్తని నూలుగుడ్డతో నడుమ నుంచి బయటికి, జిలేబీ చుట్టినట్టు, ఒత్తకుండా ఒక్కసారి తిప్పాలి; ఆ గుడ్డముక్క మళ్లీ వాడకూడదు. కడిగిన బిళ్లని పడుకోబెడితే నీటి మరక పడుతుంది, అందుకని చేటలో పాతచీర మడతలు మడతలుగా వేసి, ఆ మడతల్లో బిళ్లల్ని నిలువునా నిలబెట్టేదాన్ని.

అక్షరాలు వచ్చినవాళ్లు ఏ బిళ్ల ఎటు తిరిగి ఉండాలో కాగితం మీద రాసుకుంటారు. నాకు చేటే కాగితం. వీధి గుమ్మం వైపు చూసే ముఖమే మనుషుల వైపు చూడాల్సిన ముఖం, ఎందుకంటే మనుషులు వచ్చేది వీధిలోంచే గదా. ముందు బిళ్లకి పొట్ట ఉంటుంది, తడిమితే తెలిసిపోతుంది. వెనక బిళ్ల తన ఇత్తడి గిన్నెలోంచి ఊడదు, ఒకవైపే బిగుస్తుంది. నడిమి బిళ్లే మోసగత్తె. రెండు పక్కలా గుంటలే, ఒక గుంట నూలుపోగంత లోతెక్కువ, అంతే. దాని సంగతి చేట చెప్పాల్సిందే.

మా అయ్య రిటైరైన రోజున గ్యాంగువాళ్లు గ్రూపు ఫోటో అనుకున్నారు. మధ్యాహ్నం విశాఖపట్నం పాసెంజరెక్కి అయ్య ఊరికి వెళ్లిపోతున్నాడు, మళ్లీ రాడు. అంతవరకు ఆయనకి ఒక్క ఫోటో లేదు. నా పెళ్లి ఫోటోలో ఉండాల్సిన మనిషి, సరిగ్గా ఆ పూటే వాన రైలుకట్టని కోసేస్తే, పార పట్టుకుని లైను మీదికి పరిగెత్తాడు. ఈ ఒక్కటీ దక్కాలని, ముందురోజు లెన్సంతా విప్పి, కడిగి, ఆరబెట్టి, చేట చెప్పినట్టే బిగించి మా ఆయన చేతికిచ్చాను.

ప్లాట్‌ఫారం మీద రెండు కుర్చీలు వేశారు. నడుమ లైను ఆఫీసరు సాబ్, పక్కన గ్యాంగుకి పెద్ద అయిన మేట్, వెనక గ్యాంగు నిలబడ్డారు. అయ్య పోయి చిట్టచివర నిలబడ్డాడు, అది ఆయన చోటని ఒకరు చెప్పక్కర్లేదు. మా ఆయన నల్లగుడ్డ కప్పుకుని చూసి సరే అన్నాడు. అయ్యని చూద్దామని నేనూ గుడ్డలో తల దూర్చాను. కెమెరా వెనక గరుకు అద్దం మీద అందరూ తలకిందులుగా వేలాడుతున్నారు. సాబ్ మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అక్కణ్ణుంచి పక్కకి పోయేకొద్దీ ముఖాలు నీళ్లలో పడ్డట్టు కరిగిపోతున్నాయి. చివర ఒక తెల్లని మసక, అది మా అయ్య తలపాగా. దాని కింద ఏమీ లేదు.

“సాబు బాగొచ్చినాడు. ప్లేటెట్టీస్తాను, తప్పుకో” అన్నాడు మా ఆయన.

“మా అయ్య మొకమేదీ?”

“అంచు గదా, కొంచెం మసకుంటాది. బండొచ్చీసే వేళయిపోనాది.”

“అంచున నిలబడ్డోడికి మొకం ఉండదేటి?” అన్నాను. నిరుడు ఇదే లెన్సుతో బడిపిల్లల గ్రూపు తీస్తే చివరి పిల్ల రిబ్బను ముడి కూడా తెలిసింది. నడిమి బిళ్ల తిరగబడిందన్నాను. నువ్వు బిగించిందే గదా అన్నాడాయన. చేటలో ఉన్నట్టే బిగించాను మరి! వియ్యంకుడి కోసం చద్దన్నం కారియరు పట్టుకుని బల్ల మీద కూర్చున్న మా అత్త అప్పుడు నోరు విప్పింది.

“సేట నానే తిప్పీసినాను. మూతి ఈది గుమ్మానికెట్టి వొదిలీసినావు. ఇంట్లో గింజలన్నీ బయటికెల్లిపోవేటి?”

“అందులో గింజలెక్కడున్నాయత్తా?”

“గింజల్లేకపోతే మాత్రం? సేట సేటే గదా!”

గ్యాంగంతా పగలబడి నవ్వింది. నేను లెన్సు ఊడదీసి, పానా అడిగి, ప్లాట్‌ఫారం మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. సాబ్ గడియారం చూసుకుని, అరే భాయీ గాడీ ఆ రహీ హై అని గొణిగితే, వస్తే రానివ్వండి సాబ్ అని తలెత్తకుండా ఆయన హిందీలోనే చెప్పాను. మా ఆయన ముఖం కందగడ్డ అయిపోయింది. గాలికి ఎర్రదుమ్ము లేస్తోంది. గ్యాంగులో ఒకాయన కొత్త తువ్వాలు తెచ్చి నా ఒళ్లో పరిచాడు, ఇంకొకాయన గొడుగు విప్పి గాలికి అడ్డం నిలబడ్డాడు. అయ్య వరసలోంచి బయటికొచ్చాడు.

“ఒగ్గీ తల్లీ. నా మొకం ఎవులు సూస్తారు?”

“నాను సూస్తాను. పోయి నీ సోట్లో నిలబడు.”

వెళ్లి నిలబడ్డాడు. రింగు వచ్చింది, నడిమి బిళ్ల గోటి కొసతో తిప్పి కూర్చోబెట్టాను, ఆవిరి ఊది ఒక్క తుడుపు, మళ్లీ రింగు. బిగించి గుడ్డలోకి దూరితే, ఆ చివర నుంచి ఈ చివరకి అందరూ చెక్కినట్టున్నారు. తలకిందులుగా మా అయ్య! తలపాగా చిరుగు, చెవి పక్క పులిపిరి, పైగుండీ లేని చొక్కా, అన్నీ. నేను గుడ్డలోంచే కేక పెట్టాను. అదే నిమిషంలో బండి కూత వినబడింది. మా ఆయన ప్లేటు పెట్టి, కదలొద్దు అని లెన్సు తెరిచి మూశాడు. బండి రానే వచ్చింది, అయ్య కారియరుతో ఎక్కేశాడు.

ఫోటో కడిగి, ఒక కాపీ మేం ఉంచుకుని, ఇంకొకటి తెలిసిన గార్డు చేతికిచ్చి ఊరికి పంపాం. వారం తిరక్కుండా ఆ గార్డు నోటే జవాబొచ్చింది, నా సెవులింత పెద్దవని ఇన్నాళ్లూ ఎవులూ సెప్పనేదేటి, అని. ఆ మాటకి పొయ్యి ముందు కూర్చుని నవ్వుతూ ఏడ్చాను. బిళ్ల అంచున ఎర్ర చుక్క పెట్టింది మాత్రం ఫోటో తీసిన రోజు సాయంత్రమే, చేటని ఇక నమ్మేది లేదని.

మంగళవారం బూజంతా పోయింది, ముందు బిళ్ల అంచున రెండు మచ్చలు తప్ప. మనవరాలు ఒక అట్టపెట్టెకి లెన్సు బిగించి, వెనక పల్చటి కాగితం అతికించి, నా శాలువా కప్పింది. పెరట్లో మా కోడలు బట్టలు ఆరేస్తూ తలకిందులుగా నడుస్తోంది! ముగ్గురం వంతులేసుకుని చూసి చిన్నపిల్లల్లా గోలచేశాం.

ఇప్పుడు ఫోనులో నడిమివాడూ చివరివాడూ ఒక్కలాగే స్పష్టంగా పడతారు, మంచిదే, నేను కాదనను. కానీ ఒక చివరివాడి ముఖం కోసం గ్యాంగు గ్యాంగంతా, సాబ్‌తో సహా, బండి వచ్చే వేళ అలా నిలబడిపోవడం మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆ ఫోటో మా గోడ మీదే ఉంది. వెనక పేర్లు లేవు. రాస్తాను రాస్తానంటూనే మా ఆయన పోయాడు. నేను యాభై దాటాక, మనవరాలి పలక మీద, కోడలి దగ్గర అక్షరాలు దిద్దాను. అయినా ఇన్నేళ్లూ ఆ ఫోటో వెనక్కి తిప్పలేదు. రాయడమంటే ఎవరెవరు లేరో లెక్క చూసుకోవడమే గదా. మంగళవారం మధ్యాహ్నం దించి, తిప్పి, నా వంకర అక్షరాలతో రాశాను. రాసింది ఇదీ.

కూర్చున్నవారు: నడుమ సాబ్, పేరు నాకప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. పక్కన మేట్ అప్పలస్వామి. నిలబడినవారు: తువ్వాలిచ్చిన యేసుదాసు, సింహాచలం, లచ్చన్న, గొడుగు ఇంకా చేతిలోనే ఉన్న సోమారు, చివర మా అయ్య గవరయ్య. ఫోటోలో పడనివారు: బల్ల మీద కూర్చున్న, చేట తిప్పిన మా అత్త పైడమ్మ, కెమెరా వెనక మా ఆయన సూర్రావు, ఆయన వెనక, చేతిలో పానాతో, నేను, నరసమ్మ.