రాచయ్య మామిడిచెట్టు మీద డేగ

సంతపూర్‌లో మోటార్లు బాగుచేసే సిలాసుకు ఎవరూ పని నేర్పలేదు. పాడైన మోటార్లే నేర్పాయి. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే చాలు, లోపలి రోగం చెప్పేస్తాడు.

ఆ చెవికే ఈమధ్య మాట వచ్చింది. అడవి అంచున రాచయ్య చేనులో మామిడిచెట్టు వైపు చెవి పెట్టి, "డేగ కూస్తాంది మామా, కోడిపిల్లల్ని గంప కింద పెట్టు" అన్నాడు. రాచయ్య పెట్టాడు. వారమైనా డేగ జాడ లేదు. గంప కింద పిల్లలూ గంప బయట భార్య బక్కమ్మా ఒకటే గోల.

అంతలో రాచయ్య మోటారు మూలగడం మొదలుపెట్టింది. సిలాసు భార్య లీయాతో బండి మీద వచ్చి, విని, మోటారు ఆపాడు.

"బేరింగు పోయింది. ఇప్పాలె."

"డేగ ఉన్నదన్నది గా చెవే కదా? నా మోటారు ముట్టకు. ఊరంతా చెప్త."

చెవి మీద నమ్మకం పోతే సిలాసు దుకాణానికి మిగిలేది బోర్డే. అప్పుడే మామిడిలోంచి డేగ కేక.

"ఇన్నవా మామా!"

వెంటనే అదే కొమ్మ నుంచి పిగిలిపిట్ట పాట.

"డేగ పక్కన కూసొని పాడ్తాంది, పిగిలిపిట్టకు పానం మీద ఆశ లేదా?" అంది లీయా.

సిలాసు చెట్టు కిందికి నడిచాడు. రాచయ్య ఏదో అనబోతే లీయా కసిరింది. పైకి చూసి చూసి ముగ్గురికీ మెడలు పట్టేశాయి. కొమ్మకు పట్టిన బదనిక గుబురులో, గాలి లేకుండానే ఒక ఆకు కదిలింది. ఆ ఆకుకు నల్లటి గొంతుంది. ముక్కు తెరిస్తే డేగ, మళ్లీ తెరిస్తే పిగిలిపిట్ట. చూస్తే గుప్పెడంత పచ్చపిట్ట.

లీయా ఫోన్‌లో వెతికింది. "లీఫ్‌బర్డ్ అట. అందరి గొంతులూ ఎత్తుకుంటదట."

"చూసినవా మామా, నా చెవి తప్పలే. డేగ గొంతే అది!"

రాచయ్య ఆలోచించాడు. "ఒప్పుకున్న. మరి నా మోటారు గూడ బేరింగు గొంతు ఎత్తుకొని ఉత్తగనే కూస్తాందేమో, అల్లుడా?"

లీయా నవ్వు ఆపుకోలేక బండి పట్టుకుంది. సిలాసు పానా తీశాడు.

"ఇప్పుత. బేరింగు మంచిగుంటే బిగించి పోత. నువ్వు ఊర్ల చెప్పుకో."

విప్పాడు. అరిగిన బేరింగు గోళీలు అరచేతిలోకి రాలాయి.

రాచయ్య ఒకటి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"బేరింగే అని నేను ముందుగాల్నే చెప్పలే?" అన్నాడు.