అరిచేవాళ్ళ మధ్య అక్కగారు

పోయిన మంగళవారం పొద్దున్న అవనిగడ్డ లైను మోగింది. టెలిఫోన్ బోర్డులో ప్లగ్గు పెట్టాను. అవతలి ఆపరేటరు నంబరు చెప్పకుండా, "అక్కగారు పోయారండీ. తెల్లారి లేపితే లేవలేదంట" అన్నాడు.

"ఎప్పుడు తీసుకెళ్తారు?" అన్నాను.

"రేపు పదకొండింటికండీ."

అంతలో గుడివాడ లైను మోగింది. "నంబర్ ప్లీజ్" అన్నాను. ఎవరో బట్టల కొట్టువారు పెడన అడిగారు. కలిపాను. డ్యూటీ అయ్యేదాకా కలుపుతూనే ఉన్నాను. ఎవరెవరికి కలిపానో గుర్తు లేదు. ఏడుపు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. బందరుకీ గుడివాడకీ నడుమ ఒక ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మా సూపర్‌వైజరు. ఊరి పేరు రాయను, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. బంటుమిల్లి వైపు పల్లెలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన మనిషి. ఆవిడకన్నా పెద్దవాడైన లైన్‌మన్ కూడా అక్కగారూ అనే పిలిచేవాడు.

నేను చేరేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. నాన్న పోయిన ఏడాది. అమ్మా, ఇద్దరు తమ్ముళ్ళూ నా టెంపరరీ ఉద్యోగం మీద ఉన్నారు. మొదటి వారంలోనే ఒక ధాన్యం వ్యాపారి, కాకినాడ కాల్ ఆలస్యమైందని, "ఏమ్మా, కునుకు తీస్తున్నావా? నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా" అని మొదలుపెట్టాడు. అక్కగారు పక్కన స్టూలు వేసుకుని, నా తలమీది హెడ్‌సెట్టు తీసి తను పెట్టుకున్నారు. ఆయన ఆగేదాకా ఏమీ అనలేదు. ఆగాక, "ఇంకా ఏమన్నా ఉందాండీ? లేకపోతే కాకినాడ నంబరు ఇంకోసారి చెప్పండి" అన్నారు. ఆయన చెప్పాడు.

హెడ్‌సెట్టు నాకిస్తూ, "అరిచేవాడికి ఊపిరి అయిపోతుందమ్మా. అందాకా ఆగి, పని అడుగు" అన్నారు.

ఆవిడ మెత్తని మనిషేమీ కాదు. అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తే గడియారం వంక చూసేవారు, మన వంక చూసేవారు కాదు. అది తిట్టుకన్నా కష్టంగా ఉండేది. ఎవరితోనైనా గట్టిగా మాట్లాడాల్సి వస్తే ముందు కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో రెండు అద్దాలూ నిదానంగా తుడుచుకునేవారు.

నేను చేరిన రెండో ఏడు ఒక కొత్త ఆఫీసరు వచ్చారు. తెలివైన మనిషి. లైను ఎక్కడ తెగిందో ఇక్కడ చెవి పెట్టి చెప్పగలిగేవారు. కానీ ఎవరినీ మనిషిగా లెక్కచేసేవారు కాదు. వచ్చిన రోజే గది గుమ్మంలో నిలబడి "ఏయ్, నువ్వే" అని అక్కగారిని పిలిచారు. ఆవిడ పలకలేదు. రెండోసారీ పలకలేదు. మూడోసారి దగ్గరికొచ్చి "చెవుడా?" అన్నారు.

అక్కగారు లేచి నిలబడి, "నన్నాండీ? ఇంకెవరినో అనుకున్నాను. సూపర్‌వైజర్ అనండి, అమ్మా అనండి, వెంటనే పలుకుతాను" అన్నారు. గొంతులో వెటకారం లేదు. ఆయన ఆ తర్వాత ఆవిడను ఏ పేరుతోనూ పిలవలేదు. మాకు మాత్రం "ఏయ్" తప్పలేదు.

ఒకనాడు పెద్ద అధికారి ఒకరు దివిసీమకు మాట్లాడుతుంటే మధ్యలో లైను తెగింది. తెంపింది ఆఫీసరే. ఏదో పరీక్ష చేస్తూ పొరపాటున ఆ తీగ లాగారు. నేను చూశాను, అక్కగారు చూశారు. ఆ కాల్ కలిపింది నేను కాబట్టి, సాయంత్రం ఆఫీసరు దగ్గర్నుంచి నా చేతికి ఒక కాగితం వచ్చింది. తప్పు నాదేనని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలట. పెడితే నా టెంపరరీ ఉద్యోగం అక్కడితో సరి.

అక్కగారు కాగితం చదివి, కళ్ళజోడు తుడుచుకున్నారు. నన్ను వెంటబెట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళారు.

"ఈ అమ్మాయి సంతకం పెట్టదండీ."

"అంటే తప్పు నాదంటావా?"

"నేనేమీ అనటం లేదండీ. పైవాళ్ళు అడిగితే చూసింది చెప్తాను. ఈ కాగితం మీ దగ్గరే ఉంటే ఎవరూ అడగరు. లైను తెగటం మామూలే కదండీ."

కాగితం ఆయన బల్లమీద పెట్టారు. ఆయన దాన్ని తీసి సొరుగులో పెట్టి మూశారు.

బయటికొచ్చాక, "తప్పు ఆయనదేనని ముఖానే అనొచ్చుగా అక్కగారూ?" అన్నాను.

"అంటే నాకు బాగుంటుంది. నీ ఉద్యోగం పోతుంది. గర్వం ఉన్నవాణ్ణి గోడకి ఆనించకూడదమ్మా. బయటికెళ్ళే దారి ఒకటి వదలాలి."

రెండు నెలలకు ఆవిడకు అవనిగడ్డ బదిలీ అయింది. ఆయన చేయించారో లేదో ఎవరికీ తెలియదు. నేను ఏడిస్తే, "అక్కడా తీగలే కదా" అన్నారు. ఆ తర్వాత రోజూ లైనులో ఆవిడ గొంతు వినేదాన్ని. పని మాటలు తప్ప ఎక్కువ మాట్లాడేవారు కాదు.

ఆఫీసరు కూడా ఇంకెక్కడికో వెళ్ళిపోయారు. వెళ్ళే ముందురోజు నా బోర్డు దగ్గరికొచ్చి, "అవనిగడ్డ కలపండి. సూపర్‌వైజర్ గారిని" అన్నారు. నాతో ఆయన 'అండి' అనటం అదే మొదలు. కలిపి హెడ్‌సెట్టు తీసేశాను. మర్నాడు ఏమన్నారని ఆవిడను అడిగాను.

"లైను బాగా వినపడుతోందా అని అడిగారు. బాగానే ఉందన్నాను."

ఆయన పిల్లలు ఇంకా ఈ ప్రాంతంలోనే ఉన్నారు. ఊరి పేరు రాయనన్నది అందుకే.

బుధవారం మొదటి బస్సుకి అవనిగడ్డ వెళ్ళాను. చర్చి వెనక సమాధుల దొడ్డి పల్లం. నాలుగు రోజులుగా వాన. ముందురోజు తవ్వించిన గుంటలో మోకాటిలోతు నీరు ఊరింది. ఇద్దరు మనుషులు అందులో దిగి బకెట్లతో తోడి పోస్తున్నారు. అడుగు కనపడినట్టే కనపడి మళ్ళీ నీరు చేరుతోంది. "ఆవిడను తీసుకొచ్చేదాకా తోడుతూనే ఉండాలి, ఇక్కడింతే" అన్నాడు పైనున్న పెద్దాయన. చర్చిలో పాట మొదలైంది. వాళ్ళు తల ఎత్తలేదు. ఒకడు వంగితే ఒకడు లేస్తున్నాడు. నేను గట్టున నిలబడి ఆ బకెట్లనే చూస్తున్నాను.