సగం టిక్కెట్టుకు సముద్రం

బంగాళాఖాతంలో మళ్ళీ వాయుగుండమట, పొద్దున్నుంచి ఫోను మూడుసార్లు మొత్తుకుంది. ఆదివారం పార్కుకు పోవలసిన మనవరాలు మూతి ముడుచుకుంటే, మా కోడలు ఎవరితోనూ ఒక్క మాటైనా ఆడకుండా, ఫోనులోనే వేలితో నొక్కి టిక్కెట్లను మరో తేదీకి మార్చేసింది. నాకు మాత్రం కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. తుఫాను, పార్కు అన్న రెండు మాటలూ ఒక్కచోట వినబడితే నాకు ఇంతే.

మాది తిరుచానూరులో పసుపు కుంకుమల అంగడి. అంగళ్ళలో పెరిగిన నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, యాత్రికులు వచ్చినన్నాళ్ళూ మనకు సెలవుండదు, తుఫానుకు లాడ్జీలు ఖాళీ అయితేనే షికారు. నాకింకా పెళ్ళికాని రోజుల్లో, అమ్మవారి ఉత్సవాలు ముగిసిన వారానికే ముసురు పట్టుకున్న ఒక ఏడు, అమ్మ సముద్రం చూడాలని పట్టుబట్టింది. నలభయ్యేళ్ళు దాటినా ఆవిడ సముద్రం చూడలేదు. తుఫానులో ఒడ్డుకు ఎవరినీ పోనివ్వరు గాని, మద్రాసు పొలిమేరలో ఏదో పార్కుందనీ, అందులో జెయింట్ వీల్ ఎక్కితే పైనుంచే సముద్రం కనబడుతుందనీ ఎవరో యాత్రికురాలు చెప్పిందట. ఒక్కరొచ్చినా బేరమే గదా అని నాయన అంగట్లోనే ఉండిపోగా, మేమిద్దరం పుత్తూరు మీదుగా బస్సులో బయలుదేరాం.

గేటు దగ్గర వానను చూపించి టిక్కెట్టు సగానికి తెగ్గొట్టి, నా అంతటిది లేదని పొంగిపోయాను. ధర అడిగానే గాని సరుకుందా అని అడగలేదు, అంగట్లో పుట్టినది చేయకూడని తప్పు. లోపల అన్నీ ఆపేశారు. వీల్ తొట్లు గాలికి కిర్రుమంటున్నాయి. దాన్ని తిప్పే ఆయన నగరి వైపు మనిషి. ఆయనతోనూ బేరానికి దిగాను.

"గాలేమన్నా మీ అంగడికొచ్చే గిరాకీనా తల్లీ, బేరమాడేదానికి?" అన్నాడు.

అమ్మ తల మీది కొంగు పిండుకుంటూ, "టిక్కెట్టు సగం గదబ్బా, ఎత్తు గూడా సగమే తిప్పు, సాలు" అంది.

ఆయన నవ్వేశాడు. కాసేపటికి గాలి నిలిచాక మమ్మల్ని కూర్చోబెట్టి, సగం దాకా లేపి ఆపాడు.

చుట్టూ వాన తెర, తాటిచెట్లు, మునిగిపోయిన వరిమళ్ళు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"యాడుండాది పాపా సముద్రం?"

కిందనుంచి ఆయన, గాలొస్తా ఉండాది, దించేస్తానని కేకలు. నేను తాళలేకపోయాను.

"అద్దో మా, ఆ తెల్లంగా మెరస్తా ఉండేదే" అని మళ్ళలో నీళ్ళను చూపించాను.

కళ్ళు చికిలించి చూసి చూసి, అమ్మ చేతులు జోడించింది.

ఆ తర్వాత అంగడికొచ్చిన ఆడవాళ్ళందరికీ సముద్రం ఎట్లుంటుందో వర్ణించేది. నిజమైనది చూపిస్తాను రమ్మని అనలేక, ఊరికే రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "సూసినాం గదే, మళ్ళా ఎందుకు" అనేది. చూడకుండానే పోయింది.

ఇప్పుడు రోడ్డు బాగుపడింది, పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి ఒడ్డున ఉంటాం. పిల్లలు అలల్లో ఆడుతుంటే నేను పది నిమిషాలు కుదురుగా నిలవలేను. చిటికెడు కుంకుమను వేళ్ళ మధ్య నలిపి కల్తీని పసిగట్టే అమ్మ, ఆ రోజు నేనిచ్చిన సరుకును మారుమాట లేకుండా ఎలా పుచ్చుకుందా అని ఆలోచిస్తూ అటూ ఇటూ తిరుగుతాను. ఈ కాలంలో అన్నిటికీ అచ్చు వేసిన ధరలే. నాతో బేరమాడేవాళ్ళూ లేరు, నేను చెప్పింది అబద్ధమని తెలిసీ నమ్మేవాళ్ళూ లేరు.