తూములో ఆగిన గూడ్సు బండి

బతుకమ్మ పండుగకు సరుకు దిగిందంటే మా కొట్టంతా గోనెపట్టా గంజీ కలిసిన వాసన వేస్తుంది. హనుమకొండలో నాకో చిన్న బట్టల కొట్టుంది. జాకెట్ ముక్కలు, లైనింగు గుడ్డలు, చీరల ఫాల్సులు అమ్ముతాను. మొన్న బేలు విప్పుతుంటే ఆ వాసన ఎప్పటిలాగే వచ్చింది కానీ అందులో ఏదో తక్కువైందనిపించింది. కాసేపు ఆలోచిస్తే తెలిసింది, తుప్పు వాసన లేదు. ఇదివరకు బేళ్లకు ఇనుప పట్టీలు బిగించి పంపేవాళ్లు. కత్తిరించగానే అవి టంగుమని పైకి లేచి, జాగ్రత్తగా లేకపోతే చెయ్యి చీరేసేవి. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ పట్టీలే. కొట్లో పనిచేసే అమ్మాయి వాటిని చుట్ట చుట్టి, "పారెయ్యాల్నా అక్కా?" అని అడిగితే పారెయ్యమన్నాను. ప్లాస్టిక్ పట్టీలతో రైలు పట్టాలు వేయలేం కదా.

నా చిన్నప్పుడు వరంగల్‌లో మేమున్న గల్లీలో పెరడు ఉన్న ప్రతి ఇంటికీ ఒక రైల్వే ఉండేది. ఈ పిచ్చి మాకు అంటించినవాడు ఖాదర్ మామ. ఆయన డోర్నకల్‌లో పట్టాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాక మా గల్లీ చివర ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లు పూర్తయిన మరునాడే, గులాబీ మళ్లకూ మల్లె పందిరికీ మధ్య వెదురు బద్దలతో ఒక బుల్లి రైలు మార్గం వేసి, దాని మీద డబ్బా రేకుతో చేసిన ఇంజనును తాడుతో లాగుతూ కూర్చున్నాడు. పెద్దవాళ్లు ఆయనకు మతి పోయిందనుకున్నారు. పిల్లలం మాత్రం గోడ మీద వరుసగా కూర్చుని కళ్లప్పగించి చూశాం, వారం తిరగకుండానే ఎవరి పెరట్లో వాళ్లం పట్టాలు వేయడం మొదలుపెట్టాం.

మాది బట్టల వ్యాపారం చేసే ఇల్లు కాబట్టి నాకు సామాను కొరత ఉండేది కాదు. బేళ్లకు వచ్చే ఇనుప పట్టీలు పట్టాలయ్యేవి, పెట్టెల చెక్క ముక్కలు వాటి కింద స్లీపర్లయ్యేవి. కొట్టు ముందు మిషను వేసుకున్న దర్జీని బతిమాలితే ఖాళీ అయిన చెక్క దారపు రీళ్లు ఇచ్చేవాడు; వాటిని రంపంతో రెండుగా కోసి, సైకిలు పుల్ల గుచ్చితే అంచులున్న చక్రాలు తయారు. పాత పౌడరు డబ్బా ఇంజను, అగ్గిపెట్టెలు బోగీలు, బరువులు మోయడానికి పెట్టె చెక్కతో ఒక గూడ్సు బండి. వానాకాలం వచ్చిందంటే పట్టాల కింద పోసిన కంకర కొట్టుకుపోయి, కప్పలు స్టేషనులో కాపురం పెట్టేవి. ఎండాకాలం మా బాపమ్మ మిరపకాయలు ఎండబోస్తే, లైను వాటి మధ్యలోంచి పోయేది, లాగేవాళ్లకూ చూసేవాళ్లకూ తుమ్ములే తుమ్ములు. బాయి దగ్గర ఒక హాల్టు, జామచెట్టు కింద ఒక జంక్షను. జంక్షనన్న మాటేగానీ అక్కడ కలిసే రెండో లైను లేదు, పేరు బాగుందని పెట్టుకున్నాం.

ఆదివారం పొద్దున ఖాదర్ మామ తనిఖీకి వచ్చేవాడు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, మెడలో విజిలు, ఒక చంకలో ఎర్రజెండా, పచ్చజెండా, ఇంకో చేతిలో మేకులు కొట్టే చిన్న సుత్తి. గుమ్మంలోనే ఆగి విజిలేస్తే, మేం పరుగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టాలి. నవ్వితే లైను ఫెయిలు. ఆయన మాత్రం మీసాల చాటున నవ్వుకునేవాడు, అది నిబంధనల్లో లేదు. పీట మీద కూర్చుని, ఒక్కో అతుకు మీద సుత్తితో తట్టి, చెవి ఆనించి, "గీ జాయింటు జర మూల్గుతాంది బిడ్డా, దీనికి జరమొచ్చినట్టుంది" అనేవాడు. జేబులోంచి వెదురు పుల్ల తీసి, రెండు పట్టాల మధ్య ఎడం ఎక్కడైనా మారిందేమోనని లైను పొడుగునా ఆనించుకుంటూ పోయేవాడు. చివరగా అసలు పరీక్ష. అమ్మ ఇచ్చిన చాయ్ గ్లాసును అంచుదాకా నింపించి గూడ్సు బండి మీద పెట్టి లాగమనేవాడు. చుక్క ఒలకకుండా జామచెట్టు దాకా వస్తే పచ్చజెండా, ఒలికితే ఎర్రజెండా, పైగా జుర్మానా కింద దోరజామకాయలు. ఒలికినా ఒలకకపోయినా ఆ చాయ్ మాత్రం ఆయనే తాగేవాడు.

మా ఇంటి తనిఖీ అయ్యాక ఆయన వీధిలోంచి తిరిగి పక్కింటికి పోయేవాడు. పక్కిల్లంటే మా నాన్నకు అన్న, పెద్దబాపు ఇల్లు, నిజానికి ఒకప్పుడు మా ఇంట్లో సగం. బాపూ పెద్దబాపూ వేరుపడినప్పుడు కొట్టును రెండు చేసి, పెరటి మధ్యలో గోడ కట్టారు. పంపకంలో గల్లాపెట్టె మాకొచ్చింది, బట్ట కొలిచే ఇనుప గజంబద్ద వాళ్లకు పోయింది, బాపమ్మ మా వైపు ఉండిపోయింది. ఆ రోజు పెద్దమనుషుల ముందు అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నారు. చిన్నోడు వచ్చి పిలిస్తే తప్ప ఆ గడప తొక్కనని ఆయన, అన్న తప్పయిందంటే తప్ప పిలవనని ఈయన. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులని బజారులో మంచి పేరుండేది, దాని ఫలితం ఇంట్లో బాపమ్మ అనుభవించింది. వాళ్లలో ఒకరు తగ్గేదాకా తానూ గోడ అవతలికి పోనని ఆమె కూడా ఒట్టు పెట్టుకుంది, ఆ మొండితనం కొడుకులకు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

పెద్దకొడుకు ఆమెకు మిగిలింది చప్పుడుగా మాత్రమే. పొద్దున్నే ఆయన పళ్లు తోముకుని, పెరట్లో గొంతు పెళపెళలాడించి పుక్కిలించేవాడు. ఆమె చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని గోడవైపు చెవి పెట్టి కూర్చునేది, ఆ చప్పుడు విన్నాకే మొదటి గుక్క తాగేది. ఏ రోజైనా ఆలస్యమైతే చాయ్ చల్లారి మీగడ కట్టేది కానీ ఆమె ముట్టుకునేది కాదు. చిన్నపిల్లనైనా అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

పెద్దబాపు కూతురు సుజాత నా ఈడుదే. బడిలో మేం ఒకే బెంచీ, ఇంటికి రాగానే గోడకు చెరోవైపు. వాళ్ల పెరట్లోనూ ఒక రైల్వే ఉండేది, గిన్నెలు తోమే బండ నుంచి మొదలై గోడ దాకా. ఒక ఆదివారం ఖాదర్ మామ మా లైను పాసు చేసి, చాయ్ ఊదుకుంటూ అడిగాడు.

"గీ రైలు యాడికి పోతాంది బిడ్డా?"

"గోడ కాడికి మామా."

"గోడ కాడికి పోయి ఏం జేస్తది? దండం పెట్టి మర్లి అస్తదా? అవుతల గూడ గిట్లనే ఇంకో రైలు గోడకు దండం పెడ్తాంది. రెండు రైళ్లకు మస్తు భక్తి ఉన్నది."

వసారాలో పేపరు చదువుతున్న బాపు పేజీ తిప్పాడు. ఖాదర్ మామ ఆయనవైపు చూడకుండా, గోడ అడుగున ఉన్న తూమును సుత్తితో చూపించాడు. మా పెరటి వాననీళ్లు పల్లానికి వాళ్ల వైపు పోవాలి కాబట్టి, గోడ కట్టిన మేస్త్రీ నీళ్ల కోసం రెండు మూరల పొడుగున ఆ సన్నటి తూము వదిలాడు. మనుషులకు మూసిన దారి నీళ్లకు తెరిచే ఉంది. మరునాడు బడిలో నేనూ సుజాతా అంతా మాట్లాడుకున్నాం. ఆమె అటునుంచి, నేను ఇటునుంచి పట్టాలు కొట్టిన బద్దలను తూములోకి తోశాం. లోపల చీకటి, అతుకు ఎలా కుదిరిందో ఇద్దరికీ కనబడలేదు. ఆ వారం ఖాదర్ మామ రెండు వైపులా పుల్ల ఆనించి చూసి, రెండు లైన్లకూ పచ్చజెండా ఊపాడు.

సద్దుల బతుకమ్మ రోజు ఇల్లంతా గునుగుపూలూ తంగేడుపూలూ. బాపమ్మ నువ్వుల సత్తు దంచింది, రొట్టె నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసింది. మలీద అంటే పెద్దబాపుకు ప్రాణం. వేరుపడ్డాక అవి ఆయన నోటికి అందలేదు. ఆమె నాలుగు ముద్దలు మోదుగాకులో చుట్టి, బాపుకు వినబడేలా గట్టిగా, "నాకేం ఎరుక లేదు, పిల్లలాట!" అంటూ నా గూడ్సు బండి మీద పెట్టింది. ఆకు విడిపోకుండా దారం రెండు చుట్లు చుట్టి ముడేసింది. ఆటకు ఎవరూ అంత గట్టి ముడి వెయ్యరు.

ఖాదర్ మామ విజిలేసి పచ్చజెండా ఊపాడు. బండికి కట్టిన సుతిలి తాడు అవతల సుజాత చేతిలో ఉంది. బండి జామచెట్టు దాటింది, బాయి హాల్టు దాటింది, తూములోకి తల దూర్చింది. లోపల టకటకమని చప్పుడై ఆగిపోయింది. సుజాత గట్టిగా లాగేసరికి తాడు పుటుక్కున తెగింది. నేను పడుకుని చెయ్యి పెట్టినా అందలేదు, అటు ఆమెకూ అందలేదు. గోడ కింద మలీద, ఇటు నేను, అటు సుజాత, ఇద్దరం ఒకేసారి ఏడుపు లంకించుకున్నాం. బాపమ్మ ఏడవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తూమువైపే చూస్తూ నిలబడింది.

ఖాదర్ మామ ఎర్రజెండా విప్పి, గోడకు రెండువైపులా వినబడేలా ప్రకటించాడు. "యాక్సిడెంటయింది! లైను బందు! పిల్లల చేతులందయి, పెద్దమనుషులు రావాలె. జల్ది రావాలె, చీమలు వడ్తయి!"

బాపు అప్పుడే పండుగకు తెల్లచొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. తల్లి ముఖం ఒకసారి చూశాడు. ఆ తెల్లచొక్కాతోనే బురదలో బోర్లా పడుకుని, భుజందాకా చెయ్యి తూములోకి పెట్టాడు. కాసేపు తడిమాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది.

అవతలనుంచి పెద్దబాపు గొంతు వచ్చింది. "ఎవల్రా అది?"

"నేనే అన్నా."

మా అమ్మ గుమ్మంలో కదలకుండా నిలబడిపోయింది.

"చక్రం దిగవడ్డది. జర పైకి లేపు," అన్నాడు పెద్దబాపు.

"లేపుతాన్న. నువ్వు గుంజు."

బండి కదిలింది. అవతల మోదుగాకు విప్పిన చప్పుడు వినబడింది. బాపమ్మ గోడ దగ్గర చతికిలబడి తూముకు చెవి ఆనించింది. నములుతున్న నోటితోనే ఆయన తల్లితో అన్నాడు.

"అవ్వా, బెల్లం ఎక్కువైంది."

"ఎక్కువైతే అటే పారెయ్యి!" అని కసిరి, అప్పుడు ఏడ్చింది బాపమ్మ. అంత సంతోషంగా ఏడ్చిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బాపు లేచి, చొక్కా మీది బురద కూడా దులుపుకోకుండా వీధిలోంచి వాళ్లింటికి పోయి గుమ్మం ముందు నిలబడ్డాడు. తప్పయిందని ఆయనా అనలేదు, ఈయనా అడగలేదు. "లైను సూద్దువు రా," అన్నాడట బాపు. పెద్దబాపు ఇనుప గజంబద్ద భుజాన వేసుకుని వచ్చి, మా పెరట్లో గొంతుక్కూర్చుని పట్టాలు కొలిచాడు. వాళ్ల లైనును సుజాత గజంబద్ద మీది గుర్తులు చూసి సరిగ్గా మూడంగుళాల వెడల్పున వేసింది. గజంబద్ద లేని ఇంట్లో నేను నా నాలుగు వేళ్లు ఆనించి వేశాను. రెంటికీ చింతగింజంత తేడా, నాదే ఇరుకు. నా బండి వాళ్ల పట్టాల మీదికి రాగానే చక్రాలు మధ్యలోకి దిగిపోయాయి. తప్పు మీ లైనుదంటే మీ లైనుదని అన్నదమ్ములిద్దరూ గొంతులు పెంచి వాదించుకున్నారు, బాపమ్మ ఇద్దరి ముందూ చాయ్ పెట్టి ఆ వాదన పాటలా వింటూ కూర్చుంది. గోడ గోడలాగే ఉంది, కొట్లు రెండూ రెండుగానే నడిచాయి. రాకపోకలు మాత్రం మళ్లీ ఆగలేదు.

ఒక సందేహం నాలో చాలా ఏళ్లు ఉండిపోయింది. అతుకులో మూలుగు వినగలిగిన మనిషికి ఆ తేడా ఎలా తెలియలేదు? నా పెళ్లి పత్రిక ఇవ్వడానికి పోయినప్పుడు ఖాదర్ మామను అడిగేశాను. ఆయన అప్పటికి మంచం దిగడం తగ్గించాడు. మీసాలు పూర్తిగా తెల్లబడ్డాయి, వాటి చాటు నవ్వు అదే.

"తెల్వకేంది బిడ్డా. ఫెయిల్ జేస్తే మీరు సక్కగ ఏసుకునేటోళ్లు. పాస్ జేస్తెనే రైలు నడిసింది. నడిస్తెనే ఆగింది. ఆగితెనే గద మీ బాపు వంగిండు."

ఆయన పోయాడు, బాపమ్మా పెద్దబాపూ బాపూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. మా రెండిళ్లూ పడగొట్టిన చోట ఇప్పుడొక షాపింగ్ కాంప్లెక్సు ఉంది. గోడ ఉన్నచోట స్కూటర్లు నిలబెడుతున్నారు, గల్లీలో పెరడన్నదే మిగల్లేదు, దారపు రీళ్లు ప్లాస్టిక్‌వైపోయాయి. సుజాత నర్సంపేటలో ఉంటుంది, ఫోను చేసినప్పుడల్లా గేజు తప్పు నాదేనంటుంది.

మొన్న బేలు విప్పిన మధ్యాహ్నం, బేరం లేని వేళ చూసి, కౌంటరు మీద టేపు పరిచి దాని పక్కన నా నాలుగు వేళ్లు ఆనించాను. సరిగ్గా మూడంగుళాలు. చిన్నప్పుడే నా వేళ్లు ఇంత ఉండి ఉంటే బండి ఎక్కడా ఆగకుండా అవతలికి పోయేది, పెద్దబాపు మలీద తినేవాడు, బాపు ఆ తెల్లచొక్కా నలగకుండా పండుగ చేసుకునేవాడు.