బీర పందిరికి కట్టిన ఫోను తీగ

పోయిన శ్రావణంలో రెండో శుక్రవారం, పొద్దున పదకొండింటికి నా పరువు పోయింది. మనవరాలు స్వప్న కాలేజీ సీటుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టడానికి అదే ఆఖరి రోజు. బచ్చన్నపేటలో మా ఇంట్లో సెల్లుకు సిగ్నల్ అందదు. పాత ఫోను లైనుకు మోడెం బిగించడానికి లైన్‌మన్ యాదగిరి వచ్చాడు. చూస్తే లైను పనిచేయడం లేదు.

"పని రాకుంటే ఎందుకొచ్చినవ్ కొడుకా?" అని అతని మీద ఎగిరాను.

అతను తీగ వెంటే పోయి పెరట్లో ఆగాడు. "అవ్వా, గీ బీర పందిరి ఎవలు కట్టిన్రు?"

కట్టింది నేనే. మోగని ఫోనుకు తీగ ఎందుకని కోసి వాడుకున్నాను.

"నానమ్మా, బీరకాయలు గావాల్నా, నా సీటు గావాల్నా?" అంది స్వప్న.

పూత మీదున్న పందిరిని నా చేతులతోనే పీకాను. యాదగిరి తీగ అతికించాడు. సాయంత్రంలోపు దరఖాస్తు చేరింది.

తప్పు మనదైనప్పుడే నోరు ఎక్కువ లేస్తుంది. ఆ రోజు అక్కడ ఉన్నది నేను, స్వప్న, యాదగిరి, గోడెక్కి మరీ నవ్విన పక్కింటి మల్లమ్మ.