హమ్దమ్ వదిలేసిన చివరి వరుస

హమ్దమ్ ఏ పాటనూ పూర్తి చేయడు. సాక్సఫోన్ మీద పాటంతా ప్రాణం పెట్టి వాయిస్తాడు. సరిగ్గా చివరి వరుస దగ్గర ఆపేసి, "మిగతాది తర్వాత" అంటాడు. ఏడాదిగా ఇదే తంతు. ఒక పెళ్లిలో వధూవరులు అడుగు వేయాలో ఆగాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆ తర్వాత బుఖారాలో అతన్ని పెళ్లికి పిలిచినవాడు లేడు. అలవాటు ముదిరి టీలో కూడా చివరి గుక్క వదిలేస్తున్నాడు. పోయిన వసంతంలో మొదలుపెట్టిన గాడిద జోకుకు ముగింపు ఇంకా రాలేదు.

ఇలాంటి మనిషి ఆల్బమ్ రికార్డు చేసే పని మఫ్తునా నెత్తిన పడింది. తాతలనాటి మకోమ్ రాగాలను జాజ్‌తో కలిపిన ఎనిమిది పాటలు. వింటుంటే గుండె బరువెక్కుతుంది. ఎనిమిదింటికీ తోకల్లేవు.

"అన్నా, రేపట్నుంచి స్టూడియో వేరేవాళ్లది. ఇవాళ ముగించకపోతే ఆల్బమ్ లేనట్టే."

"లేకపోతే లేదు."

"పదేళ్ల కష్టం కదా!"

"పదేళ్లు ఆగింది, ఇంకాస్త ఆగలేదా?"

మఫ్తునాకు ఒళ్లు మండింది. గోడ మేకుకు వేలాడుతున్న, ఒక పక్క కొరికిన రొట్టెను చూపించింది. "కనీసం దాన్నయినా తీసెయ్యండి. రాయైపోయింది."

"దాని జోలికి వెళ్లకు! అది తుర్గున్ కొరికింది."

అక్కడి ఆచారం ప్రకారం, ఇల్లు వదిలి వెళ్లేవాడు కొరికిన రొట్టెను అతనొచ్చి తినేదాకా ఇంట్లో వేలాడదీస్తారు. స్టూడియోలో ఉండేసరికి ఆమెకు తట్టలేదు. తుర్గున్ ముప్పై ఏళ్లు హమ్దమ్ పక్కన కూర్చుని డోయిరా డప్పు మీద తాళం వేసినవాడు. పోయిన వసంతంలో పక్షవాతంతో ఆసుపత్రికి వెళ్లాడు. కుడిచెయ్యి సరిగా ఆడడం లేదన్న సిగ్గుతో ఇప్పుడు ఇల్లు కదలడం లేదు.

"రోజూ ఫోన్లో వినిపిస్తా," అన్నాడు హమ్దమ్ తల దించుకుని. "చివరి వరుస ఆపేస్తా. వాడు నన్ను తిట్టిపోసి, బల్ల మీద ఆ చేత్తోనే కొట్టి ముగిస్తాడు. మొదట్లో ఒక్క వేలే కదిలేది. ఇప్పుడు నాలుగు."

అతన్ని కసిరినందుకు మఫ్తునాకు బాధేసింది. వెంటనే తుర్గున్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, ఎనిమిది పాటలకు తోకల్లేవు. మీరు రాకపోతే ఇలాగే బయటికి వదిలేస్తాను."

అవతల తుర్గున్ మండిపడ్డాడు.

"వాడి పిచ్చికి నీ పిచ్చి తోడా? ఊళ్లో తలెత్తుకోగలమా! కారు పంపు."

తుర్గున్ వచ్చాడు. డోయిరా మీద దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతోంది. సాక్సఫోన్ ప్రతి దెబ్బకూ ఆగి, దానితోపాటే నడిచింది. ఎనిమిది పాటలూ ముగిశాయి. మఫ్తునా కళ్లు తుడుచుకుంది.

తుర్గున్ ఆ రొట్టెను టీలో నానబెట్టుకుని మొత్తం తిన్నాడు. హమ్దమ్ తన టీ గిన్నెలో చుక్క మిగల్చలేదు.

"మరి ఆ గాడిద జోకు?" అంది మఫ్తునా.

"నేనెప్పుడో విన్నాలే," అన్నాడు తుర్గున్. "దాని ముగింపు అస్సలు బాగుండదు."

"అందుకే మీ మీద దయతలచి ఆపాను," అన్నాడు హమ్దమ్.