నేలలోకి దిగిన పెట్రోలు

అందరూ ఆమెను సీసాలక్క అనేవారు. పెట్రోలు బంకుల్లో నేలకింద పాతిన ట్యాంకుల చుట్టూ సన్నటి గొట్టాలు దింపి ఉంటాయి. వాటిలోంచి భూగర్భజలం తోడి, సీసాల్లో పట్టి, పరీక్షకు పంపడం ఆమె పని. పెళ్లికి వెళ్లినా ముందు గ్లాసులో నీళ్లు వాసన చూస్తుందని వదిన ఎగతాళి చేసేది.

అన్నకు సొంత బంకు ఉంది. అక్కడ నీళ్లు పట్టడానికి వేరే మనిషి వెళ్లేవాడు. అతను పని మానేశాక అదీ ఆమె వంతుకే వచ్చింది.

అప్పటికే ఆ బంకులో ఒక గొడవ జరిగింది. ట్యాంకులో కర్ర దింపి కొలిచిన ప్రతిసారీ పెట్రోలు లెక్కకన్నా తక్కువ వచ్చేది. పంపు దగ్గర జుట్టు నెరిసేదాకా పనిచేసిన పెద్దాయన మీద అన్నకు అనుమానం పడింది. పదిమందిలో దొంగ అని కేకలేసి, చొక్కా పట్టుకుని బయటికి గెంటాడు. పెద్దాయన ఇల్లు బంకు వెనక సందులోనే. వాళ్లింట్లో పెట్రోలు వాసన వస్తోందని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. ఇంకేం కావాలి, దొంగతనం రుజువైపోయింది.

సీసాలక్క అక్కడికి వెళ్లిన మొదటిరోజే, బంకు వెనక గోడవైపు గొట్టం మూత తీయగానే ముక్కు మండింది. తోడిన నీటిమీద వేలెడు మందాన పెట్రోలు తేలుతోంది. ఆ గోడ అవతలే పెద్దాయన బోరు.

"అన్నయ్యా, ట్యాంకు కారుతోంది."

"మెల్లగా మాట్లాడు. పరీక్షకు పక్క గొట్టంలోంచి నీళ్లు పట్టుకెళ్లు. నేను గుట్టుగా బాగుచేయిస్తాగా."

"వెనకింటివాళ్లు ఈ నీళ్లే తాగుతున్నారు."

"నా కొంప ముంచుతావా? తోడబుట్టినదానివేనా నువ్వు?"

ఆమె ఆ గొట్టంలోంచే సీసా నింపి మూత బిగించింది. అక్కణ్నుంచి నేరుగా వెనక సందులోకి వెళ్లింది. పెద్దాయన భార్య కొన్నాళ్లుగా మంచం పట్టి ఉంది.

"ఈ నీళ్లు ఇక ముట్టుకోకండి. మీరు తీయలేదని తేలిపోయింది పెద్దాయనా. ట్యాంకులోంచి కారి మీ బోరులోకే వచ్చింది."

ఆయన నీళ్ల బిందెను పక్కకు జరిపాడు. "నేను తీయలేదని నాకు తెలుసమ్మా. ఇంట్లో ఆ వాసన ఎక్కడిదని మా ఆవిడే అడిగింది. ఒట్టేసినా నమ్మలేదు."

మంచంమీది మనిషి గోడవైపు తిరిగి పడుకుంది.

పరీక్ష ఫలితం వచ్చాక బంకు మూతపడింది. తవ్వి తీస్తే ట్యాంకు అడుగు తుప్పుపట్టి జల్లెడైపోయి ఉంది. సందులో బోర్లన్నీ మూసేసి ట్యాంకరుతో నీళ్లు పోయిస్తున్నారు. ఒక పొద్దున అన్న అక్కడికి వచ్చి, బిందెతో నిలబడ్డ పెద్దాయన ముందు తలొంచుకుని, వినీ వినపడనట్టు "తప్పయిపోయింది" అన్నాడు.

"ఆ రోజు గట్టిగానే అరిచారుగా," అన్నాడు పెద్దాయన, బిందె ముందుకు జరుపుకుంటూ.

అన్న వచ్చినదారినే వెళ్లిపోయాడు.

పెద్దాయన భార్య ఆ వానాకాలం దాటలేదు. నీళ్ల వల్లేనా అంటే డాక్టరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. సీసాలక్క ఇప్పటికీ మూతపడ్డ ఆ బంకుకు సీసాలు పట్టుకుని వెళ్తుంది. వదిన గేటు తాళం తీసి, పలకరించకుండా పక్కకు తప్పుకుంటుంది. ట్యాంకు తీసేసినా, వెనక గోడవైపు నీళ్లలో పెట్రోలు ఇంకా వస్తూనే ఉంది.